ముంజేతి కొలత

నేను చెప్పినదాంట్లో సగం కోసి పారేసి, మిగతా సగాన్ని ఉతికి ఆరేస్తేగాని నిజం బయటపడదని మా ఆవిడ అందరికీ చెప్పుకుంటుంది. ఒప్పుకుంటాను. నేను కునుకు తీస్తుంటే నా కత్తెర ఈల వేసుకుంటూ దానంతటదే ఒక కోటు కత్తిరించి పెట్టిందని ఓసారి చెప్పాను. విన్నవాడు నవ్వి రెండు కోట్లు కుట్టించుకున్నాడు. దర్జీకి నోరు కూడా పనిముట్టే. కానీ టేపు పట్టుకున్నాక మాత్రం అబద్ధమాడను. అక్కడ అరంగుళం అబద్ధమాడితే తొడుక్కున్నవాడికి ఊపిరాడదు.

నా కూతురు చిట్టి నాకు పూర్తిగా తిరగేసిన రకం. నేను గోరంతను కొండంత చేస్తుంటే చూసి చూసి, కొండను గోరంత చేయడం నేర్చుకుంది. చిన్నప్పుడు చెయ్యి విరిగితే "కొంచెం గీరుకుంది" అని బడి వదిలేదాకా కూర్చున్న పిల్ల.

దానికి కాన్పయి ఆరు రోజులు. బస్సు నడిపే అల్లుడు పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాడు. మధ్యాహ్నం నేను ముందుగదిలో మిషను తొక్కుతుంటే లోపలి నుంచి పిలిచింది.

"నాన్నా, నా గౌను చేతిపట్టీకి గుండీ పట్టట్లేదు."

మా ఆవిడ అందుకుంది. "ఆ ఒక్క పనైనా తిన్నగా వచ్చనుకున్నాను. అదీ పోయింది!"

"మొన్న కొలిచి కుట్టానే," అంటూ లోపలికి వెళ్ళాను. చిట్టి కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. కళ్ళ కింద ఉబ్బింది. రెప్పలు సగం మూసే ఉన్నాయి.

"తలనొప్పా?"

"కొంచెం. నిద్ర లేదుగా."

"కళ్ళెందుకలా?"

"వెలుతురు పడట్లేదు. మధ్యమధ్య మెరుపుల్లా ఏవో... పెద్దదేం కాదులే."

"బాలింతకు తలనొప్పి రాదా ఏమిటి? గంటకోసారి పాపాయి లేపుతుంటే!" అంది మా ఆవిడ. "మీరు మొదలుపెట్టకండి. ఇంకాసేపుంటే పిల్ల తల గుమ్మంలో పట్టట్లేదంటారు."

నేను టేపు తీసి చిట్టి ముంజేతికి చుట్టాను. కొలతల పుస్తకంలో మొన్నటి అంకె ఆరు. ఇప్పుడు ఆరూ ముప్పాతిక. వదులు చేసి మళ్ళీ చుట్టాను. రెండో చెయ్యి చూశాను. అదే. కాన్పయ్యాక తగ్గాల్సిన నీటివాపు రెండు రోజుల్లో ముప్పావంగుళం ఎక్కింది. మా ఆవిడ టేపు మీదికి వంగి చూసింది. ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఎత్తింది కాన్పుల వార్డు నర్సే. మా మనవరాలు పుట్టగానే టైమెంతయిందని అడిగిందని ఆ వార్డులో ప్రచారం చేసినవాణ్ణి నేనే.

"టైలరు తాతగారా! పాపాయి బడికెళ్తోందా?"

"అమ్మా, మా చిట్టికి తల పగిలిపోతోంది, ప్రాణం..."

"తాతగారూ, ఇక్కడ ముగ్గురు నొప్పుల మీదున్నారు. కథలు తర్వాత."

ఫోన్ పెట్టేస్తుందేమో. చేతిలోని టేపు చూస్తూ చదివాను.

"మొన్న ముంజెయ్యి ఆరంగుళాలు. ఇవాళ ఆరూ ముప్పాతిక. రెండు చేతులూ అంతే. మొహం ఉబ్బింది. తలనొప్పి. వెలుతురు చూడలేకపోతోంది. కళ్ళ ముందు మెరుపులు."

నర్సు గొంతులో నవ్వు పోయింది.

"కుడివైపు పక్కటెముకల కింద నొప్పుందేమో అడగండి."

అడిగాను. "కొంచెం," అంది చిట్టి.

"అంబులెన్సు పంపిస్తున్నాను. బట్టలు మార్చడాలవీ వద్దు. ఈలోగా ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు."

ఫిట్స్ అన్న మాట విన్నాక అంబులెన్సు వచ్చేదాకా చిట్టి రెప్ప కొట్టినప్పుడల్లా నేను చచ్చి బతికాను.

ఆసుపత్రిలో బీపీ చూస్తే పై అంకె నూట డెబ్బై ఎనిమిది, కింది అంకె నూట పద్నాలుగు. "కాన్పుతో గండం గడిచిందనుకుంటారు," అంది డాక్టరమ్మ సెలైన్‌లోకి మందెక్కిస్తూ. "కొందరికి బీపీ ఆ తర్వాతే ఎగురుతుంది. ఆరు వారాలదాకా కన్నేసి ఉంచాలి."

నర్సు చిట్టి మీదికి వంగింది. "పదికి ఎంత నొప్పమ్మా?"

చిట్టి పెదవులు 'రెండు' అనబోతున్నట్టు కదిలాయి.

"నీకు పుణ్యముంటుంది తల్లీ," అన్నాను. "తగ్గించకుండా చెప్పు."

"తొమ్మిది."

"ఎప్పట్నుంచి?"

"నిన్న రాత్రి నుంచి."

మా ఆవిడ పాపాయిని నా చేతికిచ్చి చిట్టి తల నిమరసాగింది.

పావుగంటకోసారి చేతికి పట్టీ బిగించి చూశారు. నూట డెబ్బై. నూట డెబ్బై రెండు. నూట అరవై. నాలుగోసారి నూట యాభై. "దిగుతోంది. కానీ రేపటిదాకా కదలడానికి లేదు," అని నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

పాపాయి నా భుజం మీద పాలకోసం ఏడుస్తోంది. చిట్టి కళ్ళు మూసుకునే చెయ్యి చాపింది. పాపాయికోసమనుకున్నాను. నా వేలు పట్టుకుంది.

"నాన్నా, భయంగా ఉంది."

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట దాని నోట వినడం అదే మొదలు. దాన్ని నవ్వించడానికి ఏదో ఒకటి అల్లాలని నోరు తెరిచాను.

"నాకూ అంతే తల్లీ," అన్నాను.