చదవకుండా తీసేసిన పోస్టు

తుకుయు ఊళ్లో వాన పట్టిందంటే నెట్ సరిగా ఉండదు. కోళ్ల పెంపకందార్ల ఫోరంలో సభ్యులు ఒకసారి 'పంపు' నొక్కి, పోలేదనుకుని మళ్లీ మళ్లీ నొక్కేవారు. ఒకే ప్రశ్న నాలుగుసార్లు పడేది, జవాబులు నాలుగు చోట్లకు చెదిరిపోయేవి. పశువుల మందుల కొట్టు నడుపుకుంటూనే ఆ ఫోరాన్ని చూసుకునే లుసాజోకు ఇదొక తలనొప్పి. "ఒక్కసారే నొక్కండి. కాసేపాగి పేజీ మళ్లీ తెరవండి. కనబడకపోతేనే ఇంకోసారి పంపండి" అని పైనే రాసిపెట్టాడు. అయినా రెండోసారి పడితే తీసేసేవాడు. రాసినదాన్ని దిద్దే సౌకర్యాన్ని కొందరు ప్రకటనలకు వాడుకుంటున్నారని దాన్నీ మూసేశాడు.

ఒక మంగళవారం అంబకిస్యె అనే పెద్దాయన కోడిపిల్లల దాణా పాళ్లు రాశాడు. ఏడు నిమిషాలకు అదే శీర్షికతో ఇంకొకటి పడింది. కొట్లో జనం ఉన్నారు. లుసాజో దాన్ని తెరవకుండానే తీసేశాడు.

శనివారం పొద్దున ఫోరం సభ్యురాలు తుసెకిలె ఫోన్ చేసింది. రెండు వందల నలభై కోడిపిల్లలతో ఆమె కొత్తగా షెడ్డు మొదలుపెట్టింది.

"అన్నా, పిల్లలు నీళ్లు తాగుతూనే ఉన్నాయి. తాగి తాగి పడిపోతున్నాయి."

"దాణాలో ఏం కలిపావు చెల్లీ?"

"పెద్దాయన రాసిందే. వంద కిలోలకి అయిదు కిలోల ఉప్పు."

"అయిదా? అంత ఉప్పేంటని అనుమానం రాలేదా?"

"వచ్చింది. మళ్లీ వెళ్లి చూశా. అదే ఉంది. తప్పయితే నువ్వు ఉంచవు కదా అనుకున్నా."

"ఆ దాణా తీసెయ్. వస్తున్నా."

బయల్దేరేముందు, మంగళవారం తీసేసిన రెండో పోస్టు గుర్తొచ్చి, తొలగించినవాటిలోంచి దాన్ని తెరిచాడు. మొదటి వాక్యమే కనబడింది: "పైదాంట్లో చుక్క పడలేదు. ఉప్పు 5 కాదు, 0.5 కిలో."

మొదటి పోస్టు కింద ముప్పై ఒక్కమంది ధన్యవాదాలు చెప్పి ఉన్నారు. దాన్ని తీసేసి, హెచ్చరిక పెట్టి, దారి పొడవునా ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. ఏడుగురు అప్పటికే దాణా కలిపారు. అయిదుగురు ఎత్తలేదు.

అతను చేరేసరికి తుసెకిలె షెడ్డులో చచ్చిన పిల్లల్ని సంచిలోకి ఏరుతోంది. బతికున్నవి గోడవారన రెక్కలు వాల్చి నిలబడ్డాయి. లుసాజో జరిగిందంతా చెప్పాడు.

"చదవకుండానే తీసేశావా అన్నా?"

"చదవలేదు తల్లీ."

ఆమె అతని వైపు చూడలేదు. కూర్చోమనీ అనలేదు. సంచి నిండితే మూతి కట్టి, ఇంకొకటి తెరిచింది. లుసాజో వంగి ఏరబోతే, "వద్దులే, నేను చూసుకుంటా" అంది.