జానెడు సందు

సాయంత్రం షిఫ్టు వదిలేలోగా అవ్వాల్సిన పనులు ఇవి: కారు వెనకభాగం జాకీతో లేపాలి. చక్రాలు రెండూ విప్పాలి. షాకబ్జర్లు ఊడదీసి స్ప్రింగులు బయటికి లాగాలి. అరిగిన రబ్బరు బుష్షులు కొట్టి తియ్యాలి. స్ప్రింగుల్ని గ్యాసు మంటమీద కాల్పించి, సాగదీయించి, నల్లరంగు పూయించి మళ్లీ బిగించాలి. అన్నీ అయ్యాక టైరుకీ పైన రేకుకీ మధ్య జానెడు సందు వచ్చిందో లేదో చూడాలి. ఈ ఆఖరిదాని కోసమే మిగతా పనులన్నీ.

అప్పటికి మిట్టమధ్యాహ్నం. షెడ్డు రేకులు పెనంలా కాలుతున్నాయి. అల్లుడు కారు కింద వెల్లకిలా పడుకుని కుడివైపు స్ప్రింగుకి పట్టిన మట్టిని గుడ్డతో తుడుస్తున్నాడు.

అతన్ని షెడ్ల వీధిలో అందరూ అల్లుడనే పిలుస్తారు. పక్క షెడ్డులో గ్యాసు వెల్డింగు చేసే ముసలాయన కూతుర్ని చేసుకున్నందుకు వచ్చిన పేరది. ఇద్దరు బిడ్డల తండ్రి అయినా ఆ పిలుపు మారలేదు. "అల్లుడని పిలవడానికి వీధంతా తయారు. అల్లుడి మర్యాదలకి మాత్రం ఒక్కడూ లేడు" అని అతనే నవ్వుతుంటాడు. ఈ పూట నవ్వడంలేదు.

మట్టి వదిలిన చోట, స్ప్రింగు కింది చుట్టుమీద, తలవెంట్రుకంత నల్లటి గీత కనిపించింది. గోరు పెట్టి గీకాడు. గోరు పట్టుకుంది.

"అక్కా, ఒకసారి ఇలా రా" అన్నాడు కారు కిందనుంచే.

కారు ఆమెది. ఆమే నడుపుతుంది. అందుకే అందరికీ కారక్క. ఊరి చివర కుట్టుకంపెనీకి పొద్దున ఏడుగురు ఆడవాళ్లను తీసుకెళ్లి, సాయంత్రం ఇళ్లకు చేరుస్తుంది. ఐదుగురి కోసం చేసిన బండి అది. ట్రిప్పులు చూసే మేస్త్రీ నిన్న పిలిచి, "రేపు సాయంత్రంనుంచి ఇంకో ఇద్దర్ని ఎక్కించుకో. కుదరదంటే చెప్పు, రూటు వ్యానుకిచ్చేస్తా" అన్నాడు. కుదరదని ఎలా అంటుంది? కుదురుతుందనే చెప్పి వచ్చింది. తొమ్మిది మంది ఎక్కితే బండి తోక నేలకి ఆనుతుంది. ఆనితే కంపెనీ గేటు దాటదు.

ఆ గేటు సంగతి కొంచెం చెప్పాలి. పోయిన ఏడు ఇలాగే మనుషుల్ని కుక్కిన బండి ఒకటి మలుపులో బోల్తా పడింది. కంపెనీవాళ్లు జాగ్రత్తలు తీసుకోవాలనుకున్నారు. కాపలా మనిషి చేతికి జానెడు కర్ర ఒకటి ఇచ్చారు. వెనక టైరుకీ రేకుకీ మధ్య కర్ర నిలువుగా దూరితే బండి పోవచ్చు, దూరకపోతే ఆపెయ్యాలి. లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టమని మాత్రం ఎవరూ అనలేదు. దాంతో బళ్లవాళ్లు మనుషుల్ని తగ్గించలేదు, సందు పెంచుకోవడం మొదలుపెట్టారు. షెడ్ల వీధిలో ఈ పనికి పేరు కూడా పుట్టింది. గేటు పని.

కారక్క చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వంగి చూసింది.

"ఏంటి? నాకేం కనపడటంలేదు."

"ఇదిగో, ఇక్కడ. బీటేసింది. దీన్ని కాల్చి సాగదీస్తే నిలవదక్కా. కొత్తవి వేయించుకో."

"ఎంతవుతుందేంటి?"

"బరువుకి తట్టుకునే స్ప్రింగులు జత ఐదు వేల రెండొందలు. వెనక షాకులు కూడా పోయాయి, జత మూడు వేల ఆరొందలు. బుష్షులు, రబ్బర్లు తొమ్మిదొందలు. కూలి పన్నెండొందలు."

కారక్క పెదాలు కదుపుతూ కూడుకుంది. "పదివేల తొమ్మిదొందలు. మరి గేటు పనికి?"

"అంతా కలిపి పద్నాలుగొందలు."

"పద్నాలుగొందల్లో పోయేదానికి పదకొండు వేలు పెట్టించాలని చూస్తున్నావన్నమాట. నీకు వెయ్యికి యాభై కదూ వచ్చేది?"

వచ్చేది అంతే. ఆ వీధిలో మెకానిక్కులకి కూలి తక్కువ. అమ్మిన సామాను మీద వెయ్యికి యాభై చొప్పున షెడ్డు ఓనరు చేతిలో పెడతాడు. దాంతోనే ఇల్లు గడవాలి. కాబట్టి అరగని బుష్షు అరిగిందనడం, కారని షాకబ్జరు కారిందనడం అక్కడ అబద్ధం కింద లెక్క కాదు, జీతంలో భాగం.

"పోయిన వానాకాలం ముందు షాకులు పోయాయన్నావు. నమ్మి వేయించుకున్నా. పాతవి పట్టుకెళ్లి ఇంకోచోట చూపిస్తే, ఇవి ఇంకో రెండేళ్లు బంగారంలా తిరిగేవమ్మా అన్నారు. గుర్తుందా?"

గుర్తుంది. ఆ డబ్బుతో పెద్దదానికి బడి చెప్పులు కొన్నాడు.

"అప్పుడు అబద్ధమేనక్కా. ఇప్పుడు నిజం."

"నాన్నా పులి కథ నాకూ తెలుసు తమ్ముడూ."

"అయితే నా కూలి వద్దు. కమీషనూ వద్దు. షాకులు తర్వాత చూద్దాం. స్ప్రింగుల ఖరీదు ఒక్కటే పెట్టు, ఊరికే బిగిస్తా."

ఆ మాటతో ఆమె ముఖంలో ఉన్న కాస్త మెత్తదనం కూడా పోయింది. ఊరికే పనిచేసే మెకానిక్కుని ఆమె ఇంతవరకు చూడలేదు.

"నక్క వినయాలు నా దగ్గరొద్దు. ఎక్కడివో దొంగ స్ప్రింగులు అంటగడదామనుకుంటున్నావేమో! అన్ని బళ్లూ గేటు పని చేయించుకునే తిరుగుతున్నాయి. నా ఒక్కదానికే బీటలు కనపడ్డాయా?"

ఓనరు కుర్చీలోంచి కదలకుండానే అన్నాడు: "ఆమె అడిగింది చెయ్యవోయ్. ఈమె కాదంటే ఈ రూటు బళ్లన్నీ ఎదురు షెడ్డుకి పోతాయి. కొత్త స్ప్రింగు వేస్తే మళ్లీ మనదగ్గరికి రావడానికి ఆర్నెల్లు. గేటు పనైతే ఆరు వారాలు."

అల్లుడు స్ప్రింగులు రెండూ విప్పి చంకన పెట్టుకుని పక్క షెడ్డుకి వెళ్లాడు.

మామకి చూపు సగం పోయింది. ఇన్నేళ్లూ మంటలోకి చూసిన కళ్లు ఎప్పుడూ తడిగా, ఎర్రగా ఉంటాయి. మనుషుల్ని నడకని బట్టి, ఇనుముని రంగుని బట్టి పోలుస్తాడు. ఒకప్పుడు ఇళ్ల గేట్లు, కిటికీ ఊచలు ఆయన దగ్గరే చేయించుకునేవాళ్లు. ఇప్పుడు చూపు ఆననివాడికి అలాంటి పని ఎవరిస్తారు? మిగిలింది గేటు పనే. బండికి ఐదొందలు.

"ఏం అల్లుడూ, పెళ్లిచూపులకి వచ్చినట్టు అలా నిలబడ్డావు? ఇలా తే."

"మామా, దీని కింది చుట్టుమీద గోరు పెట్టి చూడు."

మామ స్ప్రింగుని ఒళ్లో పెట్టుకుని బొటనవేలి గోరుతో చుట్టూ తడిమాడు. ఒకచోట గోరు ఆగింది. మళ్లీ వెనక్కి జరిపాడు. మళ్లీ అక్కడే ఆగింది.

"రంగు పూస్తే కప్పుకుపోతుందిలే" అన్నాడు చివరికి.

అల్లుడు మామకి తెలియదేమో అనుకుని వచ్చాడు. తెలిశాక ఆగుతాడనుకున్నాడు.

మామ గ్యాసు ముట్టించాడు. నీలం నాలుక ఇనుమును నాకింది. స్ప్రింగు ముందు ముదురు ఎరుపు, తర్వాత నారింజరంగు తిరిగింది. చుట్ల మధ్య గడ్డపారలు దూర్చి ఇద్దరు మనుషుల బలంతో ఒక్కడే సాగదీశాడు. కాలిన స్ప్రింగుని పట్టకారుతో ఎత్తి నీళ్ల తొట్టివైపు తిప్పాడు.

"నీళ్లలో ముంచకు మామా. పెళుసెక్కుతుంది."

"ముంచకపోతే కుంగుతుంది. కుంగితే కర్రకి దొరుకుతుంది. పెళుసు కర్రకి దొరకదు."

తొట్టి చుర్రుమంది. ఆవిరి వాళ్లిద్దరి మధ్యా తెరలా లేచింది.

"విరుగుతుంది" అన్నాడు అల్లుడు.

"ఎన్ని చేసుంటాను ఇలాంటివి! ఒక్కటైనా విరిగిందని వచ్చి అడిగినవాడు ఉన్నాడా?"

"విరిగినవాళ్లు ఎలా వస్తారు మామా?"

మామ రెండోదాన్నీ అలాగే కాల్చి, సాగదీసి, ముంచాడు. మంట ఆపేసి, రెండింటికీ నల్లరంగు పూశాడు. "చూడు. పిల్లనిచ్చినవాణ్ణి, పని నేర్పినవాణ్ణి. నేను మానేస్తే ఎదురు షెడ్డువాడు చేస్తాడు. బండి ఎలాగూ పోతుంది. మన పొయ్యి ఆర్పుకోవడం తప్ప దీంట్లో సాధించేదేముంది? తీసుకెళ్లి బిగించు."

"నేను బిగించను."

గట్టిగా కూడా అనలేదు. ఇన్నాళ్లలో చేతికిచ్చిన పని వద్దనడం అతనికి అదే మొదలు. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

కబురు ఓనరు షెడ్డుకి చేరడానికి గోడ కూడా అడ్డంలేదు. ఓనరు లేచి వచ్చాడు. తిట్టలేదు. "ఈ పూట కూలి లేదు. రేపు పిలిస్తే రా, పిలవకపోతే రాకు" అని మామవైపు తిరిగాడు. "ముసలాయనా, నువ్వే బిగించు. బిగింపు కూలి రెండొందలు కూడా నీకే."

మామ స్ప్రింగులు మోసుకుంటూ వెళ్లి కారు కింద దూరాడు. రంగు ఇంకా ఆరలేదు, అరచేతులకి నల్లగా అంటింది. బోల్టు రంధ్రం కోసం ఆయన వేళ్లు రేకంతా తడుముతున్నాయి. కారు ఉత్త జాకీ మీద ఉంది. అది చూసి అల్లుడు ఉండబట్టలేకపోయాడు. ఇనుప స్టాండులు రెండు తెచ్చి కారుకింద అటూఇటూ పెట్టి, ముందు చక్రాలకి చెక్కలు అడ్డం వేశాడు. కదిలించి చూశాడు.

"ఆ చేత్తోనే స్పానరు పట్టొచ్చుగా" అన్నాడు మామ కిందనుంచి.

"ఇది నీకోసం మామా. అది పట్టనిది వాళ్లకోసం."

పని అయ్యాక కారక్క కారు చుట్టూ తిరిగింది. తోక ఎత్తుకున్న పెట్టలా నిలబడి ఉంది బండి. పద్నాలుగొందలు ఓనరుకిచ్చి, స్టీరింగు ముందు కూర్చుని, అల్లుణ్ణి చూసి అంది: "చూశావా, కొండంత లేచింది. మనసులో ఏం పెట్టుకోకు తమ్ముడూ."

అల్లుడు సైకిలెక్కి కంపెనీ గేటుకి వెళ్లాడు. ఆమె నమ్మకపోతే ఎక్కేవాళ్లకే చెబుదామనుకున్నాడు.

షిఫ్టు వదిలారు. ఆడవాళ్లు బట్టలమీద దారపుపోగులు దులుపుకుంటూ కారు దగ్గర గుమికూడారు. అల్లుడు వాళ్ల మధ్యకి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. బీట సంగతీ, కాల్చిన సంగతీ, నీళ్లలో ముంచిన సంగతీ.

కారక్క తల బయటపెట్టి అరిచింది: "అతని మాటలు పట్టించుకోకండి! సామాను అమ్ముడుపోలేదని కడుపుమంట!"

"కమీషను పోయిందా తమ్ముడూ?" అంది ఒకావిడ. మిగతావాళ్లు నవ్వారు. "ఈ బండి వద్దంటే నీ సైకిలు మీద దింపుతావా ఏంటి? తొమ్మిదిమందిమి!" అంది ఇంకొకతె. మళ్లీ నవ్వారు. నవ్వుతూనే ఎక్కుతున్నారు. ముందు ఇద్దరు. వెనక సీట్లో ఐదుగురు, ఒకరి ఒళ్లో ఒకరు. ఇక డిక్కీ మిగిలింది.

డిక్కీలో కూర్చునే ఇద్దరిలో ఒకామె కాజాలు కుట్టే మనిషి. ఎండుపుల్లలా ఉంటుంది. "తిని లావెక్కుంటే ముందు సీట్లో దొరసానిలా కూర్చునేదాన్ని. సన్నగా ఉన్నందుకు సామానుతోపాటు" అని రోజూ అనే మాట ఈ రోజూ అంది. కాని నవ్వలేదు. డిక్కీ తలుపు పట్టుకుని అల్లుడివైపు చూసింది.

"ఏ వైపుది?"

"కుడివైపుదమ్మా."

ఆమె లోపలికి చూసింది. కొత్తగా చేరిన మనిషి అప్పటికే ఎడమవైపు సర్దుకుని కూర్చుంది. మిగిలింది కుడి చక్రం మీది చోటే.

"నువ్వు ఎక్కకమ్మా. నడిచి వెళ్లు. నేను తోడొస్తా."

"నడిస్తే రెండు గంటలు. అది నడవొచ్చు నాయనా. రేపు నా చోట్లో ఇంకొకరు కూర్చుంటారు. ఎల్లుండి నా మిషను ముందు కూడా." కాస్త ఆగి అంది: "నువ్వు చెప్పింది అబద్ధమనుకోవడంలేదు."

ఎక్కింది. ఎప్పుడూ కాళ్లు చాపి చక్రం గూడు మీద పెట్టుకునేదట. ఆ సాయంత్రం కాళ్లు ముడిచి, మోకాళ్లు గుండెలకి ఆనించుకుని, రెండు చేతులతో చుట్టుకుని కూర్చుంది. ఊపిరి కూడా కొంచెమే తీస్తున్నట్టుంది. తన బరువు ఎంతోకొంత తగ్గించి కూర్చోవాలన్నట్టు.

కాపలా మనిషి కర్ర తెచ్చి పెట్టాడు. నిలువుగా దూరింది. ఇంకా రెండు వేళ్ల చోటు మిగిలింది. "శభాష్, ఇలా ఉండాలి బండంటే" అని కారు రేకుమీద చరిచి, పొమ్మన్నాడు.

కారు రోడ్డెక్కింది. మొదటి గుంతలో దిగి లేచింది. రెండో గుంతలో దిగి లేచింది. అల్లుడు సైకిలు పట్టుకుని నిలబడి వింటున్నాడు. మలుపు తిరిగాక చప్పుడు వినపడలేదు.

తరవాత ఏమైందన్నది ఈ కథలో లేదు. ఆ రోజు ఏమీ కాకపోయి ఉండొచ్చు. మర్నాడూ అవే గుంతలు, అదే కర్ర. ఇది చదివినవాళ్లను అడిగేది ఒక్కటే. వెనకవైపు మరీ ఎత్తుగా నిలబడ్డ చిన్న కారేదైనా మీ ముందునుంచి పోతే, సందు ఎంతుందో చూడకండి, లోపలికి చూడండి. కుడి చక్రం మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న ఆ కాజాలు కుట్టే మనిషిని గుర్తుంచుకోండి.