ఖాళీగా ఉండాల్సిన కుంట

ఇంజినీరుగారు తవ్వించిన కుంటలో చుక్క నీళ్లు నిలవవని మూలింటావిడ ఇస్త్రీ చేసే అతనితో అందట. అతను ఆ మాటను బట్టలతో పాటు మడతపెట్టి తెచ్చి ఇంజినీరు భార్యకు అప్పగించాడు. ఆవిడ దానికేమీ కలపకుండా, ఏమీ తీయకుండా మొగుడి ముందు పెట్టింది.

"ఇంకేమందట?"

"అడుగున చిల్లున్న కుండ చెయ్యడానికి అంత చదువెందుకని నవ్విందట."

ఇంజినీరుకు తల తీసేసినట్టయింది. కాలనీకి రెండు కుంటల ప్లాను గీసింది అతనే మరి. ఎగువది తడి కుంట. దానికి అడుగున తూము లేదు, కట్ట మీద ఎత్తులో అలుగు ఉంది. ఏడాది పొడుగునా నీళ్లుంటాయి. వానకు కొట్టుకొచ్చిన బురద అడుక్కు దిగితే, తేరుకున్న నీళ్లు అలుగు దాటి పోతాయి. చుట్టూ బెంచీలు, బాతులు, ఫొటోలు దిగేవాళ్లు. దిగువది పొడి కుంట. గడ్డి మొలిచిన పెద్ద గొయ్యి, అడుగున బెత్తెడు తూము, అంతే. వాన దంచినప్పుడు వీధుల నీళ్లన్నీ అందులోకి దూకి, ఆ తూములోంచి ఒకటి రెండు రోజుల్లో నిదానంగా కాలువలోకి జారుకుంటాయి. తర్వాతి వానకు మళ్లీ చోటు సిద్ధం. ఖాళీగా ఉండటమే దాని ఉద్యోగం. ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా ఆవలించారు. భార్య ఒక్కతే చివరిదాకా విన్నది, అదీ మిషన్ తొక్కుతూ.

ఆ మిషన్ ఉన్నది వాళ్లింటి కింది గదిలో, సరిగ్గా పొడి కుంట కట్ట కింద. కుంట పొంగితే నీళ్లు ముందు తొక్కేది ఆ గడపే. ఇప్పుడు ఆ గదిలో స్కూలు పిల్లల యూనిఫారాలున్నాయి, నలభై జతలు. సోమవారానికి ఇస్తానని ఆవిడ మాటిచ్చింది.

ఇవన్నీ తెలిసిన మనిషి, పొద్దున్నే నడక వంకతో బయల్దేరి, చంకలో ఓ చెక్కపలక, పాత గోనెసంచి పెట్టుకెళ్లి తూముకు అడ్డం బిగించి వచ్చాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో అంత గట్టి పని అతను ఇంకోటి చెయ్యలేదు. చుక్క కారలేదు.

మూడు వానలకు కుంట ముప్పాతిక నిండింది. రెండు కొంగలు కూడా వచ్చి అతని పరువు నిలబెట్టాయి. మూలింటావిడ కట్ట మీద నిలబడి, "ఇప్పుడు కళగా ఉందండీ" అంది. ఆ ఒక్క ముక్కకు ఇంజినీరు ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు. పలక రేపు తీసేద్దామనుకున్నాడు. మర్నాడు కూడా అలాగే అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆకాశానికి చిల్లు పడింది. ఇంజినీరు గునపం పట్టుకుని పరిగెత్తాడు. కుంటలో మెడలోతు నీళ్లు. పాఠం చెప్పినట్టు తను పదిమందికీ వివరించే నీటి ఒత్తిడే పలకను తూముకు అంటించేసింది. మునిగి పొడిచాడు, తేలి తిట్టుకున్నాడు, మళ్లీ మునిగాడు. పలక ఊడేసరికి నీళ్లు కట్ట దాటి వీధిలోకి దిగాయి.

అతను వచ్చేసరికి కింది గదిలో మోకాలిలోతు బురద. ఇరుగుపొరుగు చేరి తలో చెయ్యీ వేసి మూటలు మెట్ల మీదికి చేరుస్తున్నారు. మిషన్‌కు ఒక కొస మూలింటావిడ పట్టుకుంది.

"కుంట ఎందుకు పొంగిందండీ?" అడిగిందావిడ.

"నేనే తూము మూశాను" అన్నాడు ఇంజినీరు, ముక్కులోంచి నీళ్లు చీదుతూ. "ఖాళీగా ఉంటే మీరంతా నవ్వుతున్నారని. కుంటను నింపి బుర్రను ఖాళీగా ఉంచుకున్నాను. నాకు పట్టా ఇచ్చిన కాలేజీని అడ్రసు కనుక్కుని మరీ తన్నాలి."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ పగలబడ్డారు. ఇంజినీరుకు గుండె కాస్త తేలికపడింది. ఊపొచ్చింది కూడా.

"రెండు కొంగలు మెచ్చుకుంటే పొంగిపోయిన గాడిదనండీ నేను! నాకు కుంటలు కాదు, గడ్డి..."

మెట్ల మీద చిన్న చొక్కా ఒకటి పిండుతున్న భార్య తలెత్తింది. చొక్కాలోంచి ఎర్రటి బురదనీళ్లు కారుతున్నాయి.

"మిమ్మల్ని మీరు తిట్టుకుని నలుగుర్నీ నవ్వించేస్తే అయిపోయిందా? సోమవారం ఆ నలభైమంది పిల్లలూ ఏం తొడుక్కుంటారో చెప్పండి."