గోనెకుట్టు

పాతపట్నం టీంతో ఫైనల్ మ్యాచ్ రోజు పొద్దున్న, అలవాటు ప్రకారం గ్లవ్ తొడుక్కుని అరచేతిలో ఒక్క గుద్దు గుద్దేసరికి అది రెండు చెక్కలై వేలాడింది, ఎవరో కోసేశారు.

బెన్హర్ దాన్ని వెలుతురుకి పట్టుకుని చూశాడు. కోటబొమ్మాళి రైసు మిల్లులో బస్తాలు మోసే కళాసీ అతను. కాయ కాసిన మెడ, ఎండకి నల్లబడ్డ ముంజేతులు. మిల్లు యజమాని ధనరాజ్‌కి బేస్‌బాల్ పిచ్చి. మ్యాచ్ ఉన్నరోజు బెన్హర్‌కి బస్తాలుండవు, కూలి మాత్రం ఉంటుంది. బంతిని కొట్టినవాళ్ల ఫొటోలు పేపర్లో పడేవి. అందరికీ దూరంగా కంచె దగ్గర నిలబడి, గాల్లోకి లేచిన బంతి కిందకి చేరుకోవడం ఇతని ఉద్యోగం. పాతికేళ్లుగా అదే పని, అదే గ్లవ్. తోలుతాళ్లు పుచ్చిపోతే, మిల్లులో గోనెసంచులు కుట్టే భార్య లీలారాణి పురికొసతో కుట్టిపెట్టింది.

"పాతపట్నపోల్ల పనే బావా!" గుమ్మంలోనే ఎగిరాడు బామ్మర్ది సత్యం. మిల్లు టీంలో బంతి విసిరేది అతనే. "నిన్ను సూస్తే ఆల్లకి జొరం."

"ఆల్లకి గోనెకుట్టు ఎవులు నేర్పినార్రా?"

కోత ఒక్కటే, బొటనవేలి కింద, మొదటి ముడి దగ్గర. అక్కడ తెంపి లాగితే కుట్టు మొత్తం విడిపోతుంది. తెలియనివాడైతే కనబడ్డచోటల్లా కోసేవాడు.

"లీలా, దబ్బనం ఏది?"

"నేదు. మిల్లులో ఉండిపోనాది." పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండా అంది. ఆమె కొప్పులో దబ్బనం మెరుస్తోంది.

బెన్హర్ దాన్ని లాగి తీసుకుని, అరుగు మీద కూర్చున్నాడు. ఆమెకి తెలిసి, టీంకి తెలియనిది ఒకటుంది. మొన్న కోతలప్పుడు ఊక పడి అతని కుడికంటికి పొర కమ్మింది. ఇంకో దెబ్బ తగిలితే ఆ కన్ను దక్కదన్నాడు శ్రీకాకుళం డాక్టరు. దారం ఎక్కించడానికే చాలాసేపు పట్టింది. కుట్టు మాత్రం బిగించి కుట్టాడు.

ఆ మధ్యాహ్నం మ్యాచ్‌లో పాతపట్నం ఆఖరి బ్యాటరు బలంగా బాదాడు. బంతి ఎండలో మాయమైంది. బెన్హర్ దాన్ని వెతకలేదు. బ్యాటు చప్పుడు వింటూనే వెనక్కి తిరిగి పరిగెత్తాడు. ఆ చప్పుడుకి బంతి ఎంత దూరం వస్తుందో అతని కాళ్లకి తెలుసు. కంచె ముందు ఆగి, ముఖానికి అడ్డంగా గ్లవ్ ఎత్తాడు. బంతి వచ్చి గ్లవ్‌లో పడి చెయ్యి అదిరింది. కుట్టు నిలిచింది.

మిల్లు గెలిచింది. ధనరాజ్ వచ్చి వాటేసుకున్నాడు. "పై ఏడు కూడా నువ్వేరా!"

"సాలు బాబూ. గెలిసినపుడే ఎలిపోతాను."

గ్లవ్ తీసి కంచె కర్రకి తొడిగి, గేటు వైపు నడిచాడు.

లీలారాణి అక్కడే ఉంది. ముందు అతని కన్ను చూసింది. బెన్హర్ జేబులోంచి దబ్బనం తీసి ఆమె కొప్పులో గుచ్చాడు.

"నానే కోసినాను," అందామె. "ఆ ముడి ఎక్కడున్నాదో ఇంకెవులికి తెలుసు? పెళ్లైన ఏడు కుట్టినాను దాన్ని. కోస్తంటే సెయ్యి ఆడనేదు, అయినా కోసినాను. నాకు నీ కన్ను కావాలి. తిడతావో కొడతావో నీ ఇష్టం. గానీ దాన్నలా కర్రకి వొగ్గీకు... మంచు పడితే తోలు పాడైపోతాది."