మ్యాథ్స్ లేని గ్రూపు

తన లెక్చరర్ రాజ్‌కుమార్ సార్ బండి వెనక కూర్చుని మాలతి కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వచ్చింది. డిగ్రీ ఆఖరి పరీక్షలు అయిపోయాయి. సిద్ధాంత భౌతికశాస్త్రంలో పరిశోధనకు బెంగళూరు సంస్థ ఒకటి పిల్లల్ని తీసుకుంటుందని చెప్పింది సారే. పొద్దున ఆ దరఖాస్తు తెరిస్తే మొదటి నిబంధన దగ్గరే ఆగిపోయింది. డిగ్రీలో మ్యాథ్స్ చదివి ఉండాలట. మాలతి గ్రూపులో మ్యాథ్స్ లేదు.

ఆ గ్రూపు ఎంచింది కూడా సారే. ఇంటర్ అయిన ఏడాది మాచారెడ్డిలో వాళ్లింటికొచ్చి, "ఫిజిక్స్ ఉంటే సాలు బిడ్డా, మ్యాథ్స్ నేను నేర్పుత" అన్నాడు. నేర్పాడు కూడా. ఒకప్పుడు కృష్ణబిలాల మీద పరిశోధన చేసి, నౌకరీ దొరక్క ఇక్కడ లెక్చరర్‌గా తేలిన మనిషి. కాలేజీ అయ్యాక బోర్డు నిండా లెక్కలు రాస్తూ, "నాది సగంల ఆగింది, మిగిలింది నీదే" అన్నప్పుడు మాలతికి కడుపు నిండిపోయేది. ఆ లెక్కలేవీ మార్కుల మెమోలో కనబడవు.

ఈసారి వచ్చింది ఈ ఊళ్లో ఉండే యాదవ్వ బిడ్డ, ఇప్పుడే ఇంటర్ అయిన పల్లవి కోసం. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్పించడం వాళ్ల కాలేజీలో లెక్చరర్ల పనే. తను చదివించిన పిల్ల అని చూపించడానికి మాలతిని వెంట తెచ్చుకున్నాడు.

"గీ పిల్ల రేపు సైంటిస్టు అయితది" అన్నాడు సార్ మంచం మీద కూర్చుని, మాలతిని చూపిస్తూ. పల్లవి లోపల చాయ్ పెడుతుండగానే ఆమె పేరు మీద తన ఫోన్‌లో డిగ్రీ దరఖాస్తు తెరిచి కాలేజీ, గ్రూపు నింపేశాడు. ఓటీపీ యాదవ్వ ఫోన్‌కు వచ్చింది. ఆమెకు చదవరాదు, మాలతి చేతికిచ్చింది.

"నంబర్ చెప్పు మాలతీ."

"గీ గ్రూపుల మ్యాథ్స్ ఉందా సార్?"

"ఫిజిక్స్ ఉంది గద."

"నేనడిగింది మ్యాథ్స్. అది లేకుంటె బెంగళూరోళ్లు తీసుకోరట."

సార్ కాసేపు ఫోన్ తుడుచుకున్నాడు. "ఇంకోటేదన్న సూద్దాం తియ్యి."

"మీకెప్పట్నుంచి తెల్సు?"

"మొదట్నుంచే తెల్సు." గొంతు తగ్గించాడు. "గా గ్రూపు సెక్షన్ నిండకుంటె నా నౌకరీ పోతుండె. పెండ్లాం పిల్లల్తోని యాడికి పోవాలె?"

తెలియక చేశాడేమోనని దారి పొడుగునా తనకు తాను సర్దిచెప్పుకుంటూ వచ్చింది మాలతి. ఇప్పుడు ఆ ఆసరా కూడా పోయింది.

యాదవ్వ ఇద్దరి మొహాలూ చూసింది. "ఏంది బిడ్డా, సార్ మంచిగ చెప్పడా?"

"మస్తు మంచిగ చెప్తడవ్వా. గందుకే నమ్మిన."

నంబరు చెప్పలేదు. పల్లవిని పిలిచి ఫోన్ ఆమె చేతిలో పెట్టింది. "ఏ గ్రూపుల ఏముందో నువ్వే సదువుకొని పెట్టుకో."

సార్ బయటికెళ్లి బండి తిప్పాడు. "ఎక్కు, పోదాం" అన్నాడు, ఎప్పటి గొంతుతోనే.

బస్టాండు ఎటని మాలతి యాదవ్వను అడిగింది.