పులుసులో బిళ్ల

కూర్మన్నపాలెం అవతల ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో తాతబాబు అక్కడ క్రేను నడిపేవాడు. సబ్బవరం దగ్గరి పల్లెలో నాగలి వదిలి వచ్చినవాడే అయినా చేతిలో మంచి పనితనం ఉండేది. ఇనుప దూలాన్ని ఎత్తి, పసిపిల్లను ఉయ్యాలలో పడుకోబెట్టినట్టు దించుతాడని మేస్త్రీలు చెప్పుకునేవారు. ఆ మాట ఎంత నిజమో, పొద్దువాలితే అతని కాళ్లు సారా కొట్టువైపు లాగేవన్నదీ అంతే నిజం. భార్య సీతాలు ఏడ్చి చూసింది, అలిగి చూసింది, పుట్టింటికి వెళ్లి తిరిగొచ్చి చూసింది.

కొట్టు బడికి మరీ దగ్గరగా ఉంది, రూలు ఒప్పుకోదని ఎవరో చెబితే వాడలోని ఆడవాళ్లు ఎక్సైజు ఆఫీసుకు వెళ్లారు. సీతాలూ వెళ్లింది. ఇనస్పెక్టరు వచ్చి టేపు పట్టించి కొలిపించాడు. మీ మాట నిజమేనన్నాడు. కొట్టు రెండు వీధుల అవతలికి మారింది. తాతబాబు రెండు వీధులు ఎక్కువ నడిచాడు.

ఒక ఉదయం ముందురోజు తాగినది దిగకుండానే క్రేనెక్కాడు. దూలం ఊగిపోయి పక్కనున్న పరంజాను కొట్టింది. అప్పటికి దానిమీద మనుషులెవరూ ఎక్కలేదు గనక సరిపోయింది. కాంట్రాక్టరు తరఫు ఇంజనీరు అచ్యుతరామయ్య అతన్ని కిందికి దింపించాడు.

"పనిమంతుడివని ఒక్క అవకాశం ఇస్తున్నాను. డాక్టరు దగ్గరికెళ్లు. మానేశావని ఆయన చెబితేనే మళ్లీ క్రేను. అందాకా కింద సామాన్లు మొయ్యి."

పట్నంలో రమణమూర్తి అనే డాక్టరు తాగుడు మానిపిస్తాడని విని, మొగుడూ పెళ్లాం బస్సెక్కి వెళ్లారు. డాక్టరు ఒక తెల్లబిళ్ల చూపించాడు.

"ఇది కోరికను చంపదయ్యా. ఇది ఒంట్లో ఉండగా తాగావంటే ఒళ్లు ఊరుకోదు. మొహం కందిపోతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి. ముదిరితే ప్రాణానికే ముప్పు. ఆ సంగతి తెలిసి నువ్వే వేసుకోవాలి. ఏమంటావు?"

"ఏసుకుంతాను బాబూ. నాకు క్రేను కావాల."

డాక్టరు సీతాలు వైపు తిరిగాడు. "అమ్మా, మీ ఆయనకు తెలియకుండా మాత్రం ఎప్పుడూ పెట్టకు."

ఆమె తలూపింది.

రోజూ పొద్దున్నే ఆమె ఎదుటే బిళ్ల మింగి పనికి వెళ్లేవాడు. కొన్నాళ్లకు క్రేను చేతికొచ్చింది. ఇల్లు తేటపడింది. వానలు మొదలయ్యాక ఒక రోజు బిళ్ల అందించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మానీసినాను కదే. ఇంకెందుకిది? నన్ను నమ్మవేటి?"

నమ్మకం మాట వచ్చేసరికి సీతాలు బలవంతం చెయ్యలేకపోయింది. వానలు వెనకబట్టేసరికి అతని చొక్కాలో మళ్లీ సారా వాసన. పరంజా సంగతి ఆమెకు గుర్తుకొచ్చింది. ఈసారి దానిమీద మనుషులుంటే? పక్కింటి చిలకమ్మతో చెప్పుకుంది.

"సెప్పి పెడితే మింగుతాడేటే? నూరీసి కూరలో కలిపీ. మా తమ్ముడికి అలగే సేసినాం," అంది చిలకమ్మ.

డాక్టరు మాట గుర్తుంది. గుర్తుండగానే నూరింది. చేపల పులుసులో కలిపి, క్యారేజీ కట్టి పంపింది.

ఆ సాయంత్రం, దీపాలు పెట్టకముందే, తోటి పనివాడు కన్నబాబు అతన్ని రిక్షాలో తెచ్చాడు. మొహం ఇటికరాయి రంగులో ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి. చొక్కా నిండా వాంతి.

"గుండె పగిలిపోతందే... కల్తీ సారా ఎట్టీసినాడు..."

అదే రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. కల్తీ సారా తాగాడని కన్నబాబు చెప్పాడు. డ్యూటీ డాక్టరూ అదే అనుకుని నర్సును పిలిచి ఏవేవో పురమాయిస్తున్నాడు. సీతాలు గోడకు ఆనుకుని నిలబడింది. చెబితే తన కాపురం ఏమవుతుందో తెలీదు. చెప్పకపోతే మనిషి ఏమవుతాడో తెలీదు. మంచం దగ్గరికి వచ్చింది.

"కల్తీ కాదు బాబూ. తాగుడు మాన్పించే బిళ్ల నానే నూరి పులుసులో కలిపీసినాను. ఈయనకి తెలీదు."

తాతబాబు తల తిప్పి ఆమెను చూశాడు. డాక్టరు వెంటనే సెలైను పెట్టించాడు, ఆక్సిజను తెప్పించాడు, నాడి పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. మర్నాటికి గండం గడిచింది.

ఇంటికొచ్చాక అతను ఆమె వడ్డించిన కంచం ముట్టలేదు. జంక్షన్ దగ్గర హోటల్లో తిని వచ్చేవాడు. ఒక రోజు ఆమె గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"తిట్టు మావా. కొట్టు. హోటలుకెల్లకు."

"నన్ను సంపీద్దామనుకున్నావేటే?"

"నేదు. బతికించుకుందామనుకున్నాను."

"రెండూ ఒకే గిన్నెలో ఎట్టీసినావు," అన్నాడు, ఆమెను దాటుకుని వెళ్లిపోయాడు.

అయితే అతను సారా కొట్టుకూ వెళ్లడం లేదు. ఆ సంగతి ఆమెకు కన్నబాబు చెప్పాడు. తాతబాబు తనంతట తానే రమణమూర్తి దగ్గరికి వెళ్లి బిళ్లలు తెచ్చుకున్నాడట. సీసా కన్నబాబుకిచ్చి, "బావా, క్రేనెక్కే ముందు నీ ఎదట మింగుతాను. మింగకపోతే ఎక్కనీకు," అన్నాడట. బిళ్ల తన చేతిలోంచి పోయినందుకు సీతాలుకు కాస్త చిన్నతనమనిపించింది. తరవాత ఊపిరి తేలికపడింది.

హోటలు తిండి పడక కడుపునొప్పి పట్టుకున్నాక ఒక మధ్యాహ్నం తాతబాబు ఇంట్లోనే పీట మీద కూర్చున్నాడు. ఆమె వడ్డించింది.

"ముందు నువ్వు తిను."

ఆమె అతని కంచంలోంచే కూర కలిపి ఒక ముద్ద, చారు కలిపి ఒక ముద్ద తింది. అతను చూస్తూ కూర్చుని, ఆ తరవాత తిన్నాడు. రోజూ అదే వరస. చూడవచ్చిన చుట్టాలు ఇదేదో మొక్కు అనుకునేవారు.

మధ్యలో అన్న చనిపోయిన దుఃఖంలో బిళ్ల మానేసి ఒకసారి తాగాడు. తనే ఇంజనీరుకు చెప్పుకుని, కొన్నాళ్లు క్రేను దిగి, మళ్లీ మొదలుపెట్టాడు. ఆ తరవాత తాగలేదు. ఫ్యాక్టరీ పొగగొట్టాలు లేచేనాటికి డాక్టరు ఇక బిళ్ల అక్కర్లేదన్నాడు.

ఆ మాట ఇంటికొచ్చి చెప్పి కంచం ముందు కూర్చున్నాడు. సీతాలు అలవాటుగా ముద్ద కలపబోయింది.

"ఇంకొద్దులే," అన్నాడు.

ఆమె చెయ్యి ఆగింది. అతను కంచం తనవైపు లాక్కుని, పులుసు పోసుకుని, తలెత్తకుండా తినడం మొదలుపెట్టాడు.