విలాపగీతంలో ఆఖరి భాగం

సంచి సర్దింది మా అత్త హిల్డా. మా ఇంట్లో సముద్రానికి వెళ్ళే సంచిని ఆమె తప్ప మరొకరు ముట్టుకోకూడదు. అడుగున ఉన్ని లోదుస్తులు, వాటిమీద నేను అల్లిన నీలం స్వెట్టరు, చేతి తొడుగులు, పొగాకు డబ్బాలు, అన్నిటికీ పైన మోకాళ్ళ దాకా వచ్చే తెల్లటి ఉన్ని మేజోళ్ళు మూడు జతలు. ఆ మేజోళ్ళు మాత్రం వంటింటి బల్లమీద నేను మడత పెట్టాను. తప్పు అక్కడే జరిగింది.

అది 1952 నవంబరు, సోమవారం పొద్దున. ఇంగ్లండు తూర్పు తీరాన హల్ నగరంలో, హెస్సిల్ రోడ్డు పక్క సందులో మా ఇల్లు. నా భర్త క్లెమ్ స్టాథర్స్ 'ఆలిస్ థార్న్' అనే చేపల ఓడలో వల లాగే మనిషి. మూడు వారాలు ఐస్‌లాండ్‌కు అవతల, మూడు రోజులు ఇంట్లో. పెళ్ళయిన ఆరేళ్ళలో మేము ఒక కప్పు కింద ఉన్నది ఎనిమిది తొమ్మిది నెలలకు మించదు.

ఓడ బయల్దేరే రోజు మా సందులో ఆ ఇంటి బట్టలు ఉతకరు. ఉతికితే మనిషి నీళ్ళలో కొట్టుకుపోతాడంటారు. రేవు దాకా వెళ్ళి సాగనంపరు, చెయ్యి ఊపరు. గడప దాటినవాణ్ణి వెనక్కి పిలవడం అన్నిటికంటే పెద్ద దోషం. మామగారు 1925లో పైపు మరిచిపోయి గడప దాకా తిరిగొచ్చారనీ, అందుకే ఆ యాత్రలో పోయారనీ అత్త చెప్పేది. నేను నమ్మేదాన్నా అంటే, నమ్మకుండా ఉండే ధైర్యం నాకు లేదు.

నేను పద్నాలుగో ఏట బడి మానేశాను. పెరటి గోడ కొక్కేనికి తాడు తగిలించి ఓడలకు వలలు అల్లేదాన్ని. ఆ అక్టోబరులో పని చేసుకునేవాళ్ళ కోసం గ్రంథాలయం మేడమీద మంగళవారం సాయంత్రాలు ఆంగ్ల సాహిత్యం తరగతి పెట్టారు. పాఠం చెప్పే మిస్ విన్‌స్కిల్ నల్లబల్లమీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసి, రాజుల పాలనలతో, రాణుల పాలనలతో దాన్ని ముక్కలు చేసింది. ఇక్కడ నాటకాలు, ఇక్కడ దేవుడితో పోట్లాడే పద్యాలు, ఇక్కడ వెక్కిరింతలు, ఇక్కడ కొండలూ వాగులూ, ఇక్కడ లావుపాటి నవలలు. నేను ఇంటికొచ్చి వల తాడు ముక్కకు యుగానికొక ముడి వేసుకుని, వేళ్ళతో తడుముతూ బట్టీ పట్టాను.

"ఏమమ్మా, ఈ చదువుకి రాణీగారి కొలువులో ఉద్యోగం ఇస్తారా?" అనేది అత్త.

"ఊరుకోవే అమ్మా," అనేవాడు క్లెమ్. "మా ఓడ వంటవాడికి చదువు లేదు. వాడు పెట్టే పులుసు ఒక్కసారి తిన్నావంటే దీన్ని నువ్వే బడికి పంపుతావు."

నవంబరులో విలాపగీతం పాఠం వచ్చింది. పోయినవాడి మీద రాసే పద్యానికి పాతకాలంలో ఒక పద్ధతి ఉండేదని మిస్ విన్‌స్కిల్ చెప్పింది. నాలుగు భాగాలు. మొదట పోయినవాణ్ణి పిలవాలి. తర్వాత అతని కోసం ఏడ్చేవాళ్ళు వరసగా రావాలి. ఆ తర్వాత దేవుళ్ళను, నీళ్ళను, గాలిని ఎందుకు కాపాడలేదని నిలదీయాలి. చివరిది ఓదార్పు. ఇంకో నియమం కూడా ఉంది. పోయినవాడి అసలు పేరు చెప్పకూడదు, అతన్ని గొర్రెల కాపరిగా మార్చాలి. "వచ్చే వారానికి తలా ఇరవై పంక్తులు రాసుకు రండి. ఎవరో ఒక మనిషిని మనసులో పెట్టుకోండి, లేకపోతే పద్యం గాలిలో తేలుతుంది," అంది.

పోయినవాళ్ళు మా సందులో తక్కువేమీ కాదు. మామగారి మీద రాద్దామని కూర్చున్నాను. కానీ ఆయన ముఖం నేను చూడలేదు. పెన్సిలు తనంతట తాను ఇంకోవైపు వెళ్ళింది.

చిటికెన వేలు సగమే ఉన్న కాపరీ,
నీ మందను ఏ నీళ్ళలో మేపుతున్నావు?

సగం వేలు క్లెమ్‌ది. తక్కిన సగం వల లాగే యంత్రం తినేసింది. కాపరి అన్నాను కదా, పేరు చెప్పలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకుని మూడు భాగాలూ రాసేశాను. ఓదార్పు దగ్గర ఆగిపోయాను. ఒక్క ముక్కా రాలేదు.

సోమవారం పొద్దున మేజోళ్ళు మడత పెడుతూ, ఓదార్పు తోస్తుందేమోనని ఆ కాగితం పక్కన పెట్టుకున్నాను. అత్త మెట్లు దిగుతున్న చప్పుడైంది. కంగారులో కాగితాన్ని మేజోళ్ళ మడతలో దూర్చాను. ఆమె వస్తూనే మేజోళ్ళు ఎత్తి సంచిలో కుక్కి, తాడు బిగించేసింది.

"అత్తయ్యా, ఒక్కసారి..." అన్నాను.

"కట్టిన సంచి విప్పుతారా ఎవరైనా? బుద్ధి ఉందా నీకు?"

క్లెమ్ నా గడ్డం పట్టుకుని ఊపాడు. "ఏంటి పిల్లా, ముఖం అలా పెట్టావ్? నేను పోయేది చేపల కోసమే, యుద్ధానికి కాదు." అతను ఎక్కిన టాక్సీ కదిలింది. నేను తలుపు దగ్గర నోటికి ఏప్రను అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. పిలిస్తే దోషం. పిలవకపోతే అతని చావు పాట అతని సంచిలోనే సముద్రం మీదికి వెళ్తుంది. వెనక సందులోంచి పరుగెత్తాను. రేవు గేటు కనిపించగానే కాళ్ళు ఆగిపోయాయి. అక్కడికి ఆడవాళ్ళు వెళ్ళరు. ఓడ పొగగొట్టం రేవు గోడ మీదుగా జరిగి వెళ్ళిపోయేదాకా చూసి, చూడకూడనిది కూడా చూశానని అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు తరగతిలో నా వంతు వచ్చినప్పుడు జరిగింది చెప్పేశాను. పక్కన కూర్చునే నెల్, చేపలు పొగబెట్టే షెడ్డులో పనిచేసే మనిషి, పకపకా నవ్వింది. "మొగుడు బతికుండగానే ఏడ్చి పెట్టుకున్నావా? అబ్బో, ఏం ముందుచూపే నీది!" అని నా ముఖం చూసి నవ్వు మింగేసి, నా చెయ్యి పట్టుకుంది.

మిస్ విన్‌స్కిల్ మెల్లగా అంది. "మిసెస్ స్టాథర్స్, మాటలకు ఓడను ముంచే బలం ఉండదండీ."

"రాజులు పోయినా రాతిబొమ్మలు పగిలినా పద్యం మిగులుతుందని పోయిన నెల మీరే చెప్పారు కదండీ. అంత బలం ఉన్నదానికి ఒక్క ఓడ ఎంతండీ?"

ఆమె చేతిలోని సుద్దముక్క బల్లమీద పెట్టేసింది. "అదీ నిజమేనండీ," అంది. ఆమె ఏదో ఒక అబద్ధం చెప్పి ఉంటే ఆ రాత్రి నేను నిద్రపోయేదాన్ని.

ఆ తర్వాత నేను రాసిన వరసలోనే అన్నీ జరగడం మొదలైంది. మొదటి వారమంతా వల అల్లుతూ అతన్ని పేరు పెట్టి పిలుస్తున్నానని అత్త చెబితేగానీ నాకు తెలియలేదు. రెండో వారం మా సందు చివరింటి ముసలాయన పోతే, నల్లబట్టల ఆడవాళ్ళు వరసగా మా కిటికీ ముందునుంచి నడిచారు. రెండో భాగం, అనుకున్నాను.

మూడో వారం ఉత్తరాన తుఫాను. మా రేడియోలో ఓడలవాళ్ళ మాటలు వినిపించేవి. ఒక కెప్టెన్ ఇంకో కెప్టెన్‌ను పలకరించడం, గాలిని తిట్టుకోవడం. 'ఆలిస్ థార్న్, ఆలిస్ థార్న్' అని ఎవరో రెండు రోజులు పిలిచారు. జవాబు లేదు. అత్త కుర్చీలో కదలకుండా కూర్చుంది. నేను గాలిని నిలదీయలేదు. పెదవులు బిగబట్టుకున్నాను. మూడో భాగం పూర్తయితే ఇక మిగిలింది ఒక్కటే, అది నేను రాయలేదు.

డిసెంబరు ఎనిమిదో తేదీ, సోమవారం పొద్దున మా గడప ముందు టాక్సీ ఆగింది. క్లెమ్ దిగాడు. గడ్డం పెరిగి, ముక్కు మీద చలికి తోలు లేచి, రెండు కాళ్ళ మీద దిగాడు. నేను గడప మీదే కూర్చుని ఏడ్చేశాను.

"రేడియో స్తంభం మంచు బరువుకి విరిగిపడింది. దానికే ఇంత ఏడుపా?" అన్నాడు. అత్త నీళ్ళు కాచడానికి వెళ్ళగానే చొక్కా జేబులోంచి కాగితం తీశాడు. ఉప్పునీటికి అంచులు ముడుచుకుపోయి ఉంది.

"మొదటి రోజే మేజోళ్ళలోంచి పడింది. అందరికీ చదివి వినిపించాను."

"అందరికీనా!"

"మా ఓడ మేస్త్రీ ఏడ్చాడు. ఏడ్చి, ఏడిపించినందుకు నన్ను తిట్టాడు. తర్వాత రోజూ చదవమనేవాడు."

"నీకు భయం వెయ్యలేదా?"

"ఎందుకు వెయ్యదు? నా వేలు నేను గుర్తుపట్టనా? రెండు రోజులు ఓడ అంచు దగ్గరికి పోలేదు." కాగితం నా ఒళ్ళో పెట్టాడు. "కానీ పిల్లా, నేను వెళ్ళాక నువ్వు ఇలా ఉంటావని ఇన్నేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు."

కింద, నేను ఖాళీగా వదిలిన చోట, అతని వంకర అక్షరాలు పెన్సిలుతో ఉన్నాయి.

కాపరి ఇంటికొచ్చాడు. గొర్రెలన్నీ కాడ్ చేపలే.
టీ పెట్టు.

"నాలుగో భాగం. ఎన్ని మార్కులేస్తుందో మీ టీచరమ్మనడుగు. మళ్ళీ సంచిలో పెట్టు, అది లేకపోతే మేస్త్రీ ఓడెక్కనంటున్నాడు."

మర్నాడు మంగళవారం. నేను తరగతికి వెళ్ళలేదు. ఇక రానని నెల్ చేత చెప్పించాను. అతన్ని ఒకసారి వదిలేసిన సముద్రాన్ని రెండోసారి రెచ్చగొట్టే ధైర్యం నాకు లేకపోయింది.

గురువారం మళ్ళీ సంచి. అత్త సర్దింది. మేజోళ్ళు నేను మడత పెట్టాను, కాగితం టీ డబ్బా అడుగున దాచాను. ఆ రోజు బట్టలు ఉతకలేదు. ఎవరినీ వెనక్కి పిలవలేదు. రేవు వైపు తల తిప్పలేదు. గడప దగ్గర క్లెమ్ నా చెవిలో అడిగాడు.

"పెట్టావా?"

"పెట్టాను," అన్నాను.

నాకిప్పుడు ఎనభై నాలుగేళ్ళు. తాడు ముడుల వెంట ఒక్కో యుగాన్నీ ఎవరి సాయం లేకుండా చదువుకుంటూ వచ్చాను. విలాపగీతాలు ఎక్కడున్నా వెతికి చదివాను. నాలుగో భాగం వచ్చేసరికి పుస్తకం మూసేస్తాను. ఆ కాగితం ఇప్పటికీ టీ డబ్బాలోనే ఉంది.

'ఆలిస్ థార్న్' 1952 డిసెంబరు 11న హల్ రేవు దాటింది. డిసెంబరు 28 తర్వాత దాని మాట ఎవరికీ వినిపించలేదు. క్లెమ్ స్టాథర్స్, అతనితో వెళ్ళిన పందొమ్మిది మంది తిరిగి రాలేదు.